వియత్నాం ప్రయాణం, నాన్న తద్దినం

మా ఆవిడ శంషాబాద్ విమానాశ్రయంలో పచ్చళ్లూ స్వీట్లూ అమ్మే కొట్టులో పనిచేస్తుంది. పదకొండేళ్లుగా విదేశాలకు పోయేవాళ్లకు ఆవకాయ డబ్బాలు కట్టి ఇస్తోంది గానీ, తను మాత్రం ఒక్కసారీ విమానం ఎక్కలేదు. కిందటి చలికాలంలో ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "ఈసారి వియత్నాం వెళ్దామండీ. ఏర్పాట్లు మీరు చూడండి" అంది.

చూశాను. కాటేదాన్ ఫ్యాక్టరీలో రోజంతా లారీలు, లోడింగులు, పనిలోకి రానివాళ్ల కోసం ఫోన్లు. కొత్వాల్‌గూడలో ఇంటికి చేరేసరికి నాలో మనిషి మిగలడు. అప్పుడు కూర్చుని హోటళ్ల బొమ్మలు చూడాలి. ఏ ఊళ్లో ఎప్పుడు వాన పడుతుంది, ఏ పడవలో శాకాహారం పెడతారు, నలుగురు బాగుందన్న హోటలుని ఐదోవాడు ఎందుకు తిట్టాడు... నాలుగు నెలలు ఇదే సంత. విహారయాత్ర అంటే విశ్రాంతి అనేవాళ్లు దానికి ఏర్పాట్లు చేసిన పాపాన పోయి ఉండరు. చివరికి విసిగిపోయి శంషాబాద్ బస్టాండు దగ్గరున్న ట్రావెల్స్ ఆయన మీద పడేశాను.

"జర జల్ది తేదీ చెప్పుండ్రి అన్నా, గ్రూపుల రెండే సీట్లున్నయ్" అన్నాడు.

నాన్న తద్దినం పోయినేడు జూన్ మొదటివారంలో వచ్చింది. అది కాగానే బయల్దేరవచ్చు కదా అని జూన్ ఆఖరివారం చెప్పేశాను.

టికెట్లు చేతికొచ్చిన సాయంత్రం అమ్మ పంచాంగం పట్టుకుని హాల్లోకి వచ్చింది. "ఒరే, ఈ ఏడు అధిక జ్యేష్ఠం కదరా! నాన్నగారి తద్దినం నిజ జ్యేష్ఠంలో పెట్టాలి. సరిగ్గా మీరు ఊళ్లో లేనప్పుడు పడింది" అంది.

జ్యేష్ఠమాసం రెండుసార్లు వచ్చే ఏడు అది. తిథి దాదాపు మూడు వారాలు ఆలస్యంగా వస్తుంది. ఒక్కగానొక్క కొడుకుని, ఏటా తద్దినం పెట్టేవాణ్ణి, ఇంగ్లీషు తేదీ చూసుకుని కూర్చున్నాను. ట్రావెల్స్ ఆయనకు ఫోన్ చేస్తే, "ఇగ మార్చుడు కాదన్నా. గ్రూపు మొత్తం గప్పుడే పోతది" అన్నాడు.

ఫోన్ పెట్టేసి సోఫాలో కూలబడ్డాను. బాధ కలగాలి కదా, కలగలేదు. హమ్మయ్య అనిపించింది. పెట్టెలు సర్దే పని లేదు, క్యూల్లో నిలబడే పని లేదు. తద్దినం ఒక్కరోజు, మిగతా సెలవంతా ఇంట్లో పడి నిద్రపోవచ్చు. తలెత్తి చూస్తే మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తోంది.

"మీకు హాయిగా ఉంది కదూ?" అంది.

అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు. "అలసిపోయానే" అన్నాను.

"నేనూ అలసిపోయానండీ. అందుకే వెళ్దామన్నాను."

నాకు సిగ్గేసింది. ఆమె కూడా రోజూ తొమ్మిది గంటలు నిలబడే పనిచేస్తుందన్న సంగతి నాకు తెలియనిది కాదు.

మా ఆవిడ అమ్మ వైపు తిరిగింది. "అత్తయ్యా, ఈసారి తద్దినానికి వంటావిణ్ణి పిలుద్దాం. నేను వెళ్తాను."

అమ్మ పంచాంగం మూసి కోడలి మొహం చూసింది. "వెళ్లిరా తల్లీ" అంది.

తద్దినం రోజు భోక్తలు భోంచేసి వెళ్లాక మా ఆవిడ వియత్నాం నుంచి ఫోన్ చేసింది. వెనకాల ఆడవాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి. గారెలు బాగా కుదిరాయా అని అమ్మను అడిగింది. నన్ను వేళకు తిన్నారా అని అడిగింది. తర్వాత, "మా గ్రూపువాళ్లం వచ్చే ఏడు బాలీ అనుకుంటున్నామండీ. మిమ్మల్ని శ్రమపెట్టను లెండి, నేనే చూసుకుంటాను" అంది.

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పి బతిమాలుకునేవాణ్ణి. చాలా మామూలుగా అంది.