టీ కొట్టులో వదిలిన గొడుగు

మా నాన్న కొండ సంతల్లో బట్టలమ్మేవారు. కొండెక్కే ముందు కకిరిగుమ్మలో ఒక టీ కొట్టులో పాత గొడుగు వదిలేవారు. చీకటి పడేసరికి అది అక్కడే ఉంటే ఆయన దిగలేదని, వెతకాలని గుర్తు.

కొండమీద ఇప్పటికీ సిగ్నల్ లేదు. అందుకే ఈ రోజు సర్వే పనికి వెళ్తూ నేనూ ఆ కొట్టు మామకు గొడుగు అప్పగించాను. తిరిగొచ్చేటప్పుడు వేరే దారిలో జీపు దొరికితే నేరుగా రాయగడలో ఇంటికి వచ్చేశాను, అప్పటికే చీకటి పడింది. చచ్చిన ఫోన్ ఛార్జింగ్‌కు పెడుతుంటే వాన మొదలైంది. అప్పుడు గుర్తొచ్చింది గొడుగు.

ఫోన్ చేస్తే అత్త ఎత్తింది.

"మీ మావ నీ గొడుగే ఏసుకోని నిన్నెతకడానికి కొండెక్కేడమ్మి! మీ నాన్న ఒక్కపాలి కూడా గొడుగు మర్సిపోనేదు."

ఇప్పుడే అత్త మళ్లీ ఫోన్ చేసింది, మామ క్షేమంగా దిగారట. నాన్న పోయాక నాకోసం వెతికేవాళ్లు లేరనుకునేదాన్ని.

మీ గొడుగు ఎవరి దగ్గరుంది?