బొట్టు పెట్టిన డబ్బా

మా నూకాలక్కకి చేపల పులుసు వాసన పడని రోజున, మా ఇంటికి ఏదో రాబోతోందని నాకు మొదటిసారి అనిపించింది.

మేముండేది మల్కాపురంలో. రిఫైనరీ వైపు నుంచి గాలి మళ్లితే కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. అక్క ఆ గాలిలోనే గుమ్మంలో కూర్చుని అన్నం తినే మనిషి. అక్క అంటే నా తోడికోడలు. మా బావగారు సముద్రం మీద వేటకి వెళ్తారు, మా ఆయన పోర్టులో కలాసీ. రెండు కుటుంబాలకీ ఒకటే పొయ్యి. అక్కకి పిల్లల్లేరు. మా పాపకి జడ వెయ్యడం దగ్గర్నుంచి అన్నీ ఆవిడే.

ఆ రోజు కంచం ముందు కూర్చుని మొహం తిప్పేసుకుంది.

"ఏటే సత్తెమ్మా, ఈ కంపేటి? సేప పాడయిపోనాదేటి?"

బావగారు నవ్వారు. "తెల్లారి నా సేత్తో వల్లోంచి తీసిన సేపది. దానికే రోగమూ నేదు. రోగం నీ ముక్కుకొచ్చింది."

"నాకేటి రోగం, గుండ్రాయినాగున్నాను" అని అక్క కూడా నవ్వింది. కానీ తినలేదు. మర్నాడూ తినలేదు.

అక్కా నేనూ గాజువాక వైపు ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లం. నేను బడికి వెళ్లలేదు. మా నాయనమ్మ భజన పాటలు పాడిస్తూ ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. ఆ పుణ్యానే నాకు పని దొరికింది. "సెత్త సంచుల మీద రాసింది సదవగల్దండి మా గుంట" అని అక్క డాక్టరమ్మగారితో గొప్పగా చెప్పి నన్ను చేర్పించింది.

అక్కడ ఇంజెక్షన్ చేసిన సూదులు వెయ్యడానికి గట్టి ప్లాస్టిక్‌ది ఒక తెల్ల డబ్బా ఉండేది. అది నిండేలోపే మూత బిగించి, డబ్బాతో సహా ఆసుపత్రి చెత్త తీసుకెళ్లే వ్యాన్‌కి ఇచ్చెయ్యాలట. మాకది తెలీదు. వ్యాన్ వాళ్లతో నర్సింగ్ హోమ్ చేసుకున్న కాంట్రాక్టులో సంచుల మాటే ఉంది గానీ డబ్బాల మాట లేదు. వాళ్లు సంచులు తీసుకెళ్లేవారు, బదులు ఖాళీ సంచులే ఇచ్చేవారు. డబ్బా ఇచ్చేస్తే మళ్లీ రాదు. అందుకని నిండినప్పుడల్లా ఒకరు ఎర్ర సంచి మూతి పట్టుకుంటే ఇంకొకరు సూదులన్నీ అందులోకి వంపేవాళ్లం. తర్వాత అక్క ఆ డబ్బాని బ్లీచింగ్ వేసి తోమి ఎండలో బోర్లించేది.

మా ఊళ్లో దసరా వస్తే పోర్టులో క్రేన్లకీ, స్టీల్ ప్లాంటులో మిషన్లకీ, ఆటోలకీ, పడవలకీ పూజ చేస్తారు. మేమూ మా మాప్ కర్రకీ, బకెట్‌కీ, ఆ తెల్ల డబ్బాకీ పసుపు రాసి బొట్టు పెట్టుకునేవాళ్లం. అక్క డబ్బాని కళ్లకద్దుకుని కింద పెట్టేది. మూత ఒక పక్క విరిగిపోయి సరిగ్గా పడకపోయినా, "బొట్టెట్టిన పనిముట్టుని పారెత్తారేటే" అనేది. నాకూ అది సబబుగానే తోచింది. అన్నం పెట్టే వస్తువు కదా.

సూదులు గుచ్చుకునేవి. ఒకసారి వేలికి, ఒకసారి సంచిలోంచి పొడుచుకొచ్చి తొడకి. రక్తం పిండేసి, ఇంటికెళ్లాక పసుపద్దేవాళ్లం. చెప్తే "చూసుకుని చెయ్యొద్దా" అంటారని చెప్పేవాళ్లం కాదు. వంట చేసేవాళ్లకి చెయ్యి కాలదా, ఇదీ అంతే అనుకునేవాళ్లం.

అన్నం సయించక వారం తిరక్కుండానే అక్క కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు అందరూ. కామెర్లకి మా వాళ్లు ఆసుపత్రికి వెళ్లరు, పసరుకి వెళ్తారు. పద్మనాభం దాటాక ఒక పల్లెలో పెద్దాయన పరగడుపున పసరు పోస్తాడని బావగారు వేట మానుకుని తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. పెద్దాయన అక్క కనురెప్ప లాగి చూసి, "బయపడకమ్మా. ఉప్పూ నూనే ముట్టకు, అదే దిగిపోద్ది" అన్నాడు. మనిషి మంచివాడే. డబ్బులడగలేదు.

తిరిగొచ్చాక రెండు మూడు రోజులు అక్క కొంచెం తేరుకుంది. మజ్జిగన్నం తిన్నది. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నేను సింహాద్రి అప్పన్నకి దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఆ దణ్ణం తొందరపడి పెట్టానేమో.

తర్వాత ఒక ఉదయం పాపకి జడ వేస్తూ, వేసింది విప్పింది. మళ్లీ వేసింది, మళ్లీ విప్పింది. పాప ఏడుపు మొహంతో, "అమ్మా, పెద్దమ్మ నన్నొగ్గట్లేదు" అంది. నేను దగ్గరికెళ్తే అక్క నన్ను ఎగాదిగా చూసి, "అమ్మా, పడవలొచ్చీసినాయా?" అని అడిగింది. అక్క వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయింది.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. సాయంత్రానికి డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు.

"హెచ్‌బీఎస్ ఏజీ పాజిటివ్ అమ్మా. హెపటైటిస్ బి. బిలిరుబిన్ బాగా పెరిగిపోయింది, లివర్ ఫెయిల్ అవుతోంది. ఆవిడేం పని చేస్తారు?"

"నర్సింగ్ హోమ్‌లో హౌస్‌కీపింగ్ అండీ. నేనూ అక్కడే."

"సూదులు గుచ్చుకున్నాయా ఎప్పుడైనా?"

"అవి గుచ్చుకుంటూనే ఉంటాయండీ."

ఆయన రాస్తున్నది ఆపారు. "మీకు టీకా వేశారా?"

"ఏ టీకా అండీ?"



ఐసీయూలో పెట్టారు. లివర్ మార్చాలన్న మాట కూడా వచ్చింది. అది మా చేతికి అందే మాట కాదు, అంత వ్యవధి కూడా లేదన్నారు. నన్ను ఒకసారి లోపలికి పంపారు. అక్క కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది.

"సత్తెమ్మా, డబ్బా కడిగీసినావా?"

"కడిగేశానక్కా."

"ఎండలో ఎట్టు."

నాతో ఆఖరుగా మాట్లాడింది అదే. మర్నాడు పోయింది. బావగారు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, "సముద్రం నన్నెన్నిసార్లో ఒగ్గీసింది. సూదిమొన దీన్నొగ్గలేదు" అన్నారు. అంతే. ఆ తర్వాత చాలా రోజులు ఆయన వేటకి వెళ్లలేదు.

డాక్టరుగారు ఇంట్లో అందరికీ టెస్టులు రాశారు. బావగారికి లేదు, మా ఆయనకి లేదు. పాపకి పసితనంలోనే టీకా పడిందట, భయం లేదన్నారు. నాది పాజిటివ్.

"పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇది దానంతట అదే పోతుంది" అన్నారు డాక్టరుగారు. "కొందరిలో ఉండిపోతుంది. ఆరు నెలలు చూడాలి. మధ్యలో ఎల్ఎఫ్‌టీ, అంటే లివర్ టెస్టు, చేయిస్తూ ఉండండి. పసరు గిసరు తాగకండి."

"మరి అక్కకెందుకు పోలేదండీ?"

"అది చెప్పగలిగితే మేం దేవుళ్లమే అమ్మా."

"సూది వల్లేనంటారా?"

"రుజువు చెయ్యలేం. నా అనుమానం మాత్రం దాని మీదే."

ఆ ఆరు నెలలు ఎలా గడిచాయో రాయడం కష్టం. రెండు బిందెల నీళ్లు మోస్తే ఆయాసం. వీధిలో పేరంటాలకి పిలవడం మానేశారు. ఒకావిడ నేను తాగిన గ్లాసు నా కళ్లముందే పారేసింది. అది చూసి మా ఆయన ఆ పూట అరుగు మీద, అందరూ చూస్తుండగా, నా కంచంలో చెయ్యి పెట్టి తిన్నారు. "పోర్టులో ఇనుము దుమ్ము మింగినోణ్ణి, నీ ఎంగిలికి సచ్చిపోతానేటి" అన్నారు. కలిసి తింటే అంటుకోదని డాక్టరుగారు ముందే చెప్పారు. కానీ ఆ ధైర్యం డాక్టరు మాటకి వచ్చింది కాదు, ఆయనకి నా మీదున్న ప్రేమకి వచ్చింది. ఆ అన్నం ముద్దకి నేను ఈ జన్మంతా రుణపడి ఉంటాను.

మధ్యలో ఒకసారి ఎల్ఎఫ్‌టీలో ఎంజైమ్స్ పెరిగాయి. "చూద్దాం" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నేను రోజూ పులుసు గిన్నె మూత తీసి వాసన చూసేదాన్ని. బాగుంటే ఆ రోజుకి బతికానని అనుకునేదాన్ని. బాగున్నందుకు మళ్లీ ఏడుపొచ్చేది.

అంతకు ముందే, అక్క పెద్దకార్యానికి డాక్టరమ్మగారు మా ఇంటికి వచ్చారు. చాప మీద కూర్చున్నారు. సూదులు వంపడం, డబ్బా కడగడం నేను అప్పుడు చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"డబ్బా ఎప్పుడు చూసినా ఖాళీగా, తెల్లగా ఉండేది సత్యవతీ. వ్యాన్ వాళ్లు కొత్తది ఇస్తున్నారనుకున్నాను."

అక్క అంత బాగా తోమేది మరి.

మళ్లీ ఆవిడే అన్నారు. "హెపటైటిస్ బి టీకా మన ఫ్రిజ్‌లోనే ఉంటుంది." ఆ ఫ్రిజ్‌ని వారం వారం తుడిచేది మేమే. కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ కోపం ఎవరి మీద దింపాలో తెలియలేదు. ఆవిడ ఏడుస్తుంటే మంచినీళ్లిచ్చాను.

ఆరు నెలలయ్యాక డాక్టరుగారు రిపోర్టు చూసి నవ్వారు. "నెగెటివ్. యాంటీబాడీస్ కూడా వచ్చాయి. మీ ఒళ్లే టీకా తయారుచేసుకుంది." బయటికొచ్చి అప్పన్నకి అక్కడే చేతులెత్తి మొక్కాను. ఒకటే సంచి పట్టాం, ఒకటే డబ్బా వంపాం. నన్నెందుకు ఉంచావు తండ్రీ అని అడగబోయి ఆగిపోయాను. ఇచ్చినదానికి లెక్క అడగకూడదని నాయనమ్మ చెప్పేది.

మళ్లీ అక్కడే పనిచేస్తున్నాను. చేరేముందు డాక్టరమ్మగారిని ఒక్కటే అడిగాను. ఆవిడ వ్యాన్ వాళ్లతో కాంట్రాక్టు మార్చి రాయించారు. ఇప్పుడు కొత్త డబ్బా లోపలికొచ్చాకే, మూత పడిన పాతది బయటికెళ్తుంది. అందరికీ టీకా వేశారు. బావగారికి కూడా వేయించాం. ఆయన మళ్లీ వేటకి వెళ్తున్నారు. వచ్చిన చేపల్లో అక్కకిష్టమైన రకం ఉంటే మాత్రం ఇంటికి తేరు.

మొన్న దసరాకి మాప్ కర్రకి బొట్టు పెట్టాను, బకెట్‌కి పెట్టాను. అలవాటు కొద్దీ కుంకుమ వేలితో తెల్ల డబ్బా దగ్గరికెళ్లి ఆగిపోయాను. అది ఉంచుకునే వస్తువు కాదు. వేలి మీద కుంకుమ అలాగే ఉండిపోయింది. తీసుకెళ్లి టీకాలుండే ఫ్రిజ్ తలుపుకి పెట్టాను.

ఆసుపత్రుల్లో ఊడ్చి తుడిచే అక్కచెల్లెళ్లకి నా మనవి ఇది. పనిలో చేరేముందే హెపటైటిస్ బి టీకా అడిగి వేయించుకోండి. సూది గుచ్చుకుంటే రక్తం పిండకండి, పసుపద్దకండి. సబ్బూ నీళ్లతో కడుక్కుని ఆ క్షణమే డాక్టరుకి చెప్పండి, తిట్టినా సరే చెప్పండి. ఇక ఆ డబ్బా అంటారా, మూత పడ్డాక తెరవకండి. వెళ్లిపోనివ్వండి. దాన్ని కడగక్కర్లేదు, ఎండలో పెట్టక్కర్లేదు.