ఐస్ డబ్బాలో మా రక్తం

నా పెద్ద తమ్ముడు చచ్చిపోయే ముందు సోడా అడిగాడు. నాచారంలో వాడు పని చేసే ఇనుప షెడ్డు గేటు దగ్గర, పొద్దున డ్యూటీకి లోపలికి పోతూ ఛాతీ రుద్దుకుని, "గ్యాస్ వట్టిందన్నా, జర సోడా తెప్పియ్యి" అన్నాడట వాచ్‌మన్‌తో. సగం తాగాడు. మేము పోయేసరికి మిగతా సగం సీసా గేటు పక్క గద్దె మీద అట్లాగే ఉంది. చూడటానికి వచ్చినవాళ్ళు "మంచి సావు, బాధ వడలే" అన్నారు. నలభై నిండని మనిషికి మంచి చావేమిటి? ఆ మాట అన్నవాళ్ళను మొహం మీదే అడిగాను. కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. మాట్లాడకపోతే పోయేదేమీ లేదు.

దినాల రోజు యాట మాంసం వండారు. అది మా ఆనవాయితీ. పోయినవాడికి ఇష్టమైనది ముందు వాడి ఫోటో దగ్గర పెట్టి తరవాత అందరం తినాలి. చిన్న తమ్ముడు విస్తరి ముందు కూర్చున్నవాడు లేచి ఫోటో ముందుకు పోయాడు. "అన్నా, ఇగ నా జన్మల ముట్ట. నన్ను నా పిల్లల కోసం ఉంచు" అని మొక్కాడు. దవాఖానలో ఎవరో కొవ్వు తగ్గించమన్నారట. వీడు ముందు మాంసం మానేశాడు. తరవాత గుడ్డు. పాలలో కూడా కొవ్వే కదా అని పాలు, పెరుగు కూడా వదిలేశాడు. డికాక్షన్ టీ, అన్నం, చారు, తొక్కు. దసరాకు ఇల్లంతా కూర వాసన కమ్ముకున్నా వాడు కదలడు. బస్తీలో అందరూ వాడిని మెచ్చుకునేవారు. నేను కూడా మెచ్చుకున్నాను. నోటి మీద అదుపు ఉన్న మగాడిని నేనెక్కడ చూశాను!

ఏళ్ళు గడిచాయి. వాడు ఎండిపోయాడు. నిలబడి మాట్లాడుతూ పాదాలు నేలకేసి కొట్టుకునేవాడు. ఏమిట్రా అంటే, "అరికాళ్ళల్ల చీమలు వాకుతున్నయ్ అక్కా" అనేవాడు. అన్న పని చేసిన షెడ్డులోనే వీడిదీ పని, పొద్దంతా నిలబడితే రావా అని అనుకున్నాం.

ఆ రోజుల్లో మా కాలనీ కమ్యూనిటీ హాలుకు గుండె జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్ళు వచ్చారు. చిన్న వయసులో గుండెతో మనిషి పోయిన ఇళ్ళు వాళ్ళకు కావాలి. ఆ ఇంటి రక్తసంబంధీకులు పరగడుపున రక్తం ఇవ్వాలి. వచ్చిన అమ్మాయి కోస్తా వైపుది. వాళ్ళ నాన్న రైల్వేలో పని చేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడట. నెమ్మదిగా మాట్లాడుతుంది. రెండు పరీక్షల గురించి చెప్పింది. ఒకటి హోమోసిస్టీన్. సీసా మీద ఆ పేరును నేను కూడబలుక్కుని చదివాను. నాకు అక్షరాలు వచ్చింది మనవరాలు పుట్టాక. పెద్ద పేరు కనిపిస్తే వదిలిపెట్టను.

"మనం తిన్నదాన్ని ఒళ్ళు వాడుకునేటప్పుడు ఈ పదార్థం తయారవుతుందమ్మా. ఎప్పటికప్పుడు ఖర్చయిపోవాలి. పేరుకుపోతే రక్తనాళాలకు మంచిది కాదని అనుమానం" అంది.

చెత్తబండి రాని గల్లీ అన్నమాట. నాకు అర్థమైంది.

"రెండోది ఆక్సిడేటివ్ స్ట్రెస్. ఇనుముకు తుప్పు పట్టినట్టు లోపల ఎంత పాడవుతోందో చూస్తాం."

చిన్న తమ్ముడు చొక్కా చెయ్యి మడుస్తూ నవ్వాడు. "తుప్పుకు మా షెడ్డుల రెడ్ ఆక్సైడ్ రంగు గొడ్తం మేడమ్. ఒంట్ల ఏం గొడ్తరు?"

"ఏమీ కొట్టమండి. కొలుస్తాం అంతే" అంది ఆ అమ్మాయి. ఆమె నవ్వలేదు. ఆ మాట నాకు అప్పుడే ఐసు ముక్కలా తగిలింది.

రక్తం తీసిన వెంటనే ఐసులో పెట్టాలి, మిషన్‌లో గిరగిర తిప్పి ఎర్రదాన్ని వేరు చేయాలి. లేకపోతే సీసాలో ఉన్న రక్తం కూడా ఆ హోమోసిస్టీన్‌ను వదులుతూనే ఉంటుందట. ఒంట్లోంచి బయటికి వచ్చాక కూడా దాని పని అది చేసుకుపోతుంది! ఆ రోజు హాల్లో తిప్పే మిషన్ పని చేయలేదు. సీసాలన్నీ ఐస్ డబ్బాలో సర్ది ఆటోలో ఉప్పల్ అవతల వాళ్ళ ల్యాబుకు పంపారు. ఉప్పల్‌లో ఫ్లైఓవర్ స్తంభాల కింద రోడ్డు సంగతి అందరికీ తెలిసిందే. ఆటో అక్కడ ఇరుక్కుపోయింది. ఐస్ నీళ్ళయింది.

ఆ అమ్మాయి దాచలేదు. ఫోన్ చేసి, "పరీక్ష చేశాం గానీ ఆ అంకెలు నమ్మడానికి లేదు, అందరూ మళ్ళీ ఇవ్వండి" అంది. నాది ఎంత అని అడిగాను. ఉండాల్సినదానికి కొంచెం పైన అంది. తమ్ముడిది? "చాలా ఎక్కువ వచ్చిందమ్మా. మళ్ళీ చూడందే ఏమీ చెప్పలేను. ఆయన్ని తప్పకుండా తీసుకురండి."

నేను మళ్ళీ ఇచ్చాను. వాడు ఇవ్వలేదు. ఒకరోజు డ్యూటీ అన్నాడు, ఒకరోజు చుట్టాలన్నాడు. చివరికి ఇంటికి పోయి పట్టుకున్నాను. వాడి పెళ్ళాం వాకిట్లో చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది.

"ఐస్ గరిగిందంట గదా అక్కా" అన్నాడు. "గందుకే నంబర్ ఎక్కింది. గది ఐస్ తప్పు. నా రక్తం మంచిగనే ఉంది."

"నా సీసా గూడ గదే డబ్బాల ఉండెగదరా. నీ సీసా పక్క ఐసొక్కటే గరిగిందా?"

వాడు పాదం నేలకేసి కొట్టుకున్నాడు. "నీకు సదువొచ్చినంక తెలివి మస్తు వెరిగిందే."

"పెరగనియ్యి. జవాబు జెప్పు."

"ఏం జెప్పాలె? కోడి తిన, గుడ్డు తిన, నూనె సుక్క ముట్ట. అన్న మీద ఒట్టు వెట్టుకున్న. నాకేమైతది?"

వాడి పెళ్ళాం తలెత్తకుండా, "వదినా, చాయల పాలు వోస్తే గూడ గిన్నె వారవోస్తడు. గొంతుల విషముంచుకున్న ఆ శంకరుడు గూడ గింత నియమం వట్టలే" అంది. నవ్వుదామని అన్నట్టుంది. ఎవరికీ నవ్వు రాలేదు.

వాడి భయం నాకు అప్పుడు తెలిసింది. రక్తం అంటే కాదు వాడి భయం. ఇన్నేళ్ళు ఏ కర్ర పట్టుకుని నడిచాడో, అది పుచ్చుకర్ర అని ఎవరైనా చెప్తారేమోనని.

"రేపు నాతోటి ల్యాబుకే వస్తున్నవ్. నీ సీసా నీ ముంగట ఐసుల వెడ్తరు, నీ ముంగటనే తిప్పుతరు. ఇగ ఏ సాకు జెప్తవో సూస్త" అన్నాను. రాకపోతే షెడ్డు గేటు దగ్గరికి వచ్చి అందరి ముందు అరుస్తానని కూడా అన్నాను. వాడికి నా సంగతి తెలుసు. వచ్చాడు.

ఐస్ గట్టిగా ఉంది. మిషన్ తిరిగింది. వాడు కళ్ళార్పకుండా చూశాడు. అంకె మాత్రం పెద్దగా తగ్గలేదు.

ఆ అమ్మాయి వాడి తిండి గురించి అడిగింది. చెప్తున్నకొద్దీ ఆమె మొహం మారింది. బి పన్నెండు అనే విటమిన్ మాంసం, గుడ్డు, పాలలోనే ఉంటుందట. అది లేకపోతే హోమోసిస్టీన్ ఖర్చు కాదు. కాళ్ళలో చీమలు కూడా దాని వల్లే కావచ్చని చెప్పింది. గుండె కోసం వాడు ఏవి మానేశాడో, అవే లేక ఒంట్లో చెత్త పేరుకుంది.

"మొక్కు చెడగొట్టుకోమంటరా మేడమ్?" అని అడిగాడు. వాడి గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"అవసరం లేదన్నా. ఇంజెక్షన్లున్నాయి, మాత్రలున్నాయి. మా డాక్టర్ గారు రాసిస్తారు. అంకె దిగుతుంది." తరవాత కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా చెప్పింది. "కానీ ఒకటి వినండి. అంకె దిగినంత మాత్రాన గుండె బాగుపడుతుందని గట్టిగా చెప్పలేం. అది ఇంకా తేలలేదు. మీ ఇంట్లో ఒకరు పోయారు కాబట్టి మీరు గుండె డాక్టర్‌ని కూడా కలవాలి. తప్పకుండా."

తమ్ముడు మొదటి సగమే విన్నాడు. సూదులు వేయించుకున్నాడు. కాళ్ళలో చీమలు తగ్గాయి, మొహం మీద రంగు వచ్చింది. గుండె డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోతున్నావురా అంటే, "నంబర్ దిగనియ్యి అక్కా" అనేవాడు. సాయంత్రాలు నాచారం ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు వాసన గాలిలో కొట్టుకొచ్చినప్పుడల్లా నాకు తుప్పు అనే మాటే గుర్తొచ్చేది. పైన రంగు వేస్తే లోపల తుప్పు ఆగుతుందా? వాడిని అడగలేదు. వాడే షెడ్డులో పని చేసేవాడు, వాడికి తెలియనిదా.

అంకె దిగింది. ఆ రోజు ఉదయం ల్యాబులో ఆ మాట వినగానే వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఉప్పల్ చౌరస్తా దాకా వచ్చాం. రోడ్డు అవతల జిలేబి కొందామన్నాడు. స్కైవాక్ మెట్లెక్కుతున్నాం. చలికాలం. నేను శాలువా కప్పుకున్నాను. ముందు నడిచేవాడు వెనకబడ్డాడు. తిరిగి చూస్తే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. మెడ మీద చెమట కారుతోంది.

"నువ్వు నడువ్ అక్కా" అన్నాడు ఛాతీ రుద్దుకుంటూ. "గ్యాస్ వట్టింది. కింద సోడా దాగి వస్త."

గద్దె మీద సగం సీసా నా కళ్ళ ముందు నిలబడింది. వాడి చెయ్యి పట్టుకుని కిందికి దించాను. సోడా బండి దాటించి ఆటోలో కూర్చోబెట్టాను. "దవాఖానకు వోనీ బిడ్డా, ఏది దగ్గరుంటే గది" అన్నాను ఆటో పిల్లాడితో.

"నంబర్ దిగింది గదనే! ఇప్పుడే సూసినం గద!" అన్నాడు. కోపంగా అన్నాడు, నేనేదో వాడి జిలేబి గుంజుకున్నట్టు.

"ఆ నంబర్ జేబుల వెట్టుకో. నోరు మూస్కొని గూసో."

దారిలోనే వాడి పెదవులు తెల్లబడ్డాయి. దవాఖానలో నాళం ఒకటి మూసుకుపోయిందన్నారు. స్టెంట్ వేశారు. బతికాడు. గుండెలో ఒక పక్క కండ చచ్చిపోయిందని, అది తిరిగి రాదని డాక్టర్ నాకే చెప్పాడు, వాడి పెళ్ళానికి చెప్పలేక. నేను చెప్పాను. దాచి ఏం చేస్తాం?

ఆ పరిశోధన అమ్మాయి ఇంటికి వచ్చింది. తమ్ముడు ఆమెను కూర్చోబెట్టి ఒకటే అడిగాడు. "నంబర్ దిగింది గద మేడమ్. మరి గిదేంది?"

"నాళం ఎన్నేళ్ళ నుంచి మూసుకుంటూ వచ్చిందో మాకు తెలియదన్నా" అంది. "మీలాంటి వాళ్ళను కలిపి చూస్తే గానీ తెలియదు. అందుకే మళ్ళీ అడగడానికి వచ్చాను." ఐస్ డబ్బా ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. వాడు చాలాసేపు దాన్ని చూశాడు. తరవాత చొక్కా చెయ్యి మడిచాడు. వాడి తరవాత నేను చెయ్యి చాపాను.

మా ఇంట్లో ఇప్పుడు గ్యాస్ అనే మాట ఎవరూ అనరు. వాడు స్నానానికి పోతే వాడి పెళ్ళాం నీళ్ళ చప్పుడు ఆగుతుందేమోనని తలుపు బయట నిలబడుతుంది. మొన్న బోడుప్పల్‌లో ఒక పెళ్ళికి పోయాం. భోజనాల దగ్గర, మా వెనక వరుసలో, ఎవరో లావుపాటి మనిషి "అబ్బ, గ్యాస్ వట్టిందిరా" అన్నాడు. మేము ముగ్గురం ఒక్కసారే తలెత్తాం. తమ్ముడు ఈమధ్యే మళ్ళీ మొదలుపెట్టిన పెరుగన్నం ఆకులోనే వదిలేసి లేచాడు. ఎంగిలి చేత్తోనే పోయి ఆ మనిషి ముందు నిలబడ్డాడు.

"బావా, ఎడమ చెయ్యి గుంజుతుందా?"

"ఎవరు నువ్వు, డాక్టర్ సాబువా?" అని ఆయన నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

తమ్ముడు నవ్వలేదు. ఆయన నుదుటి మీద చెమటనే చూస్తూ, "నవ్వు తర్వాత నవ్వు బావా. లే. ఆటో మాట్లాడ్త" అన్నాడు.