కర్తూన్ గుడ్డ

దుబాయ్‌లో మా పక్క ఫ్లాట్ స్లొవాక్ ఆవిడ ఏ గుడ్డ కనిపించినా వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఆ తర్వాతే ధర అడిగేది. దుకాణాల వాళ్లు హడలిపోయేవారు. ఆవిడ అమ్మమ్మ ఏప్రాన్ పీలికలైపోయిందట. మళ్లీ అలాంటి పూల అద్దకం నూలుగుడ్డే కావాలని ఓ శుక్రవారం నన్ను డేరా బజారంతా తిప్పింది. చివరికి ఓ కొట్లో దొరికింది.

"కర్తూన్!" అంది, గుడ్డను చెంపకు ఆనించుకుని. "అచ్చమైన స్లొవాక్ మాట."

నేనూరుకుంటానా? "కాదమ్మా! పత్తిని అరబ్బులు కుత్న్ అంటారు. ఆ మాటే జర్మన్ల నోళ్లలో నలిగి మీ ఊరు చేరింది. పూల అద్దకం సంగతంటావా, మా బందరు వాళ్లనడుగు!"

ఆవిడ ముఖం చిన్నబోయింది. "మాట వాళ్లది, అద్దకం మీది. మరి మా అమ్మమ్మకేం మిగిల్చావు?"

మా వాదన వింటున్న కొట్టు యజమాని నెల్లూరు భాయి కత్తెర అందుకున్నాడు. "ఏప్రాన్ అన్నా మిగల్చక్కా! ఖలాస్. ఎంత కొయ్యమంటావు?"

నిరుడు ఆవిడ వాళ్ల దేశం వెళ్లిపోతూ, ఆ గుడ్డతోనే కుట్టిన ఇంకో ఏప్రాన్ నాకిచ్చింది. మొన్న మావారు చూసి, "ఈ కాటన్ బాగుందే" అన్నారు.

"కాటన్ కాదండీ, కర్తూన్" అన్నాను. "అచ్చమైన స్లొవాక్ మాట."