సింగపూర్ కెమెరా, అక్క టీవీ

కిందటి ఆదివారం మా అమ్మాయి అమెరికాలో, కాపెల్‌లోని మా ఇంటికి వచ్చి, పాత వీడియో కేసెట్లన్నీ షాపులో ఇచ్చి ఫోన్‌లోకి ఎక్కించుకొచ్చానంటూ గోడంత టీవీలో పెట్టింది. నిమ్మపండు రంగు గౌను వేసుకుని సోఫా పట్టుకుని తప్పటడుగులు వేస్తున్న ఏడాది పిల్ల కనబడగానే నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ పిల్ల మా అమ్మాయే, వీడియో తీసింది నేనే, కానీ ఆ అడుగులను రంగుల్లో చూడటం నాకదే మొదటిసారి.

ఎందుకో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి. అమ్మ పోయాక విజయవాడలో నన్ను పెంచింది అక్కే. నా పురిటికి రమ్మని కాగితాలు పంపితే రెండుసార్లూ అక్కకు వీసా ఇవ్వలేదు, మావారి వీసా గొడవ తేలకుండా దేశం దాటే ధైర్యం మాకూ లేదు. పిల్లను వీడియోలోనైనా అక్కకు చూపిద్దామనుకున్నాం. ఇక్కడి కెమెరాలు, టీవీలు ఎన్‌టీఎస్‌సీ అనే పద్ధతి, అక్కడ మన టీవీలు పాల్ అనే పద్ధతి, ఒకదానిది ఇంకోదానిలో ఆడదని మన తరం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మావారు నెల రోజులు ఆఫీసులో కనబడ్డవాళ్లనల్లా అడిగి, చివరికి సింగపూర్ మీదుగా వస్తున్న స్నేహితుడి చేత పాల్ కెమెరా తెప్పించారు. ఎంతో తెలివిగా పని చక్కబెట్టామని మురిసిపోయి, మొదటి కేసెట్ తీసి మా టీవీకి తగిలిస్తే, పైకీ కిందకీ దొర్లిపోయే చారల మధ్య పిల్ల ఏడుపు మాత్రం వినిపించింది. అక్కడ ఆడేది ఇక్కడ ఆడదన్న ముక్క అంత పెద్ద ఇంజనీరుకు తట్టలేదా అని వారం రోజులు దెప్పాను. నాకూ తట్టలేదనుకోండి.

ఇక మాకు మిగిలింది కెమెరాకున్న గోళీకాయంత అద్దం. ఒక కన్ను మూసుకుని, ఒకరి తర్వాత ఒకరం, నలుపు తెలుపుల్లో అందులో చూసుకుని కేసెట్ పోస్టులో పంపేసేవాళ్లం. రెండు మూడు వారాలకు కాలింగ్ కార్డు గీకి ఫోన్ చేస్తే అక్క మొదలుపెట్టేది.

"ఒసేయ్, ఆ నిమ్మపండు రంగు గౌను దానికెంత బాగుందే! సోఫా వదిలేసి రెండడుగులు నా వైపే వేసిందే!"

కార్డులో నిమిషాలు అయిపోయేదాకా మా పిల్ల వీడియోను మేము అక్క నోట వినేవాళ్లం. రెండు పద్ధతులూ ఆడే టీవీ కొందామనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి. చివరికి మేము విజయవాడ వెళ్లేసరికి పిల్లకు ఆరేళ్లు, అక్క ఎత్తుకోబోయి ఆయాసపడి దించేసింది. పిల్లే ఎదురుగా ఉండగా ఆ కేసెట్లు పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. కిందటేడు అక్క పోయాక, ఆమె బీరువాలో వరసగా పేర్చి ఉన్న కేసెట్లను ఆమె కూతురు పంపించింది. ఒక్కోదాని మీద అక్క చేతిరాతే, "పాప నడక", "పాప అన్నం వద్దంది".

వాటినే మొన్న చూస్తున్నాం. పిల్ల నవ్వినా, పడినా, కెమెరా వెనక నుంచి నా గొంతు ఒకటే మాట.

"మామ్, నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావ్ అక్కడ?" అంది మా అమ్మాయి.

ఇప్పుడు ఏ ఫోన్‌తో తీసినా ఏ దేశంలోనైనా ఆడుతుంది, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆ రోజుల్లో నా మాటకు జవాబు మూడు వారాలకైనా ఫోన్‌లో వచ్చేది. మొన్న అంత పెద్ద టీవీలో, అన్ని రంగులతో, నా గొంతు అడుగుతూనే ఉంది, "అక్కా, కనిపిస్తోందా?" అని.