మావయ్య వైపు అద్దం

మా మేనత్త పోయిందని మొన్న ఆదివారం పొద్దున్న తెలిసింది. ఫోన్ చేసింది ఆవిడ కూతురు, మా వదిన. నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడే మనిషి ఆ ఒక్క మాట మాత్రం తెలుగులో అనలేకపోయింది. "మమ్మీ నహీఁ రహీ" అంది, అమ్మ ఇక లేదని హిందీలో. నేను టెల్కో కాలనీ నుంచి సోనారిలో అత్త ఇంటికి చేరేసరికి అత్తను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. నిద్రలోనే పోయిందట. గుమ్మం ముందు తెలుగువాళ్ళూ, బీహారీలూ, ఒడియావాళ్ళూ నిలబడి ఉన్నారు. ఆవిడ చేతి వంట తినని వాళ్ళు వాళ్ళలో ఒక్కరూ ఉండరు. "ఆకలేత్తందా అని అడుగుతారేటే? ముందు పెట్టీసి, అప్పుడు అడగాల" అనేది మా అత్త.

అందరూ ఆవిడ వంట గురించే చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం ఆవిడ కారే గుర్తొస్తోంది.

నిజానికి ఆ కారు మావయ్యది. లారీల కర్మాగారంలో ఉద్యోగం చేసినంతకాలం షిఫ్టు బస్సులో తిరిగి, రిటైరయ్యే ముందు ముచ్చటపడి కొనుక్కున్నారు. ఇంకొకరిని స్టీరింగ్ ముట్టుకోనిచ్చేవారు కాదు. కొన్నాళ్ళకే పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. వ్యాయామం కోసం తరచూ ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చేది. ఒకరోజు ఆటో దిగుతూ ఆయన నడిరోడ్డు మీద కూలబడిపోయారు. చుట్టూ జనం మూగారు. ఆ సాయంత్రమే అత్త నాకు ఫోన్ చేసింది.

"నాను కారు నేర్చుకుంతానే. ఎవులు నేర్పుతారో కనుక్కో."

"ఈ వయసులోనా అత్తా?"

"వయసు నాకొచ్చింది గానీ కారుకి రాలేదు గదేటి!"

నేర్చుకుంది. స్టీరింగ్ తాకి కళ్ళకద్దుకుంటే గానీ బండి తీసేది కాదు. హారన్ కొట్టడానికి మొహమాటం. వెనక ఎవరైనా తొందరపెడితే, "ఎల్లిపో బాబూ, నాకేటి తొందర లేదు" అని లోపల్నుంచే తెలుగులో చెప్పేది, వాళ్ళకు వినబడదని తెలిసి కూడా. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఇద్దరూ తినడానికి ఒక డబ్బాలో మురీలు, అంటే మరమరాలు, కలిపి పట్టుకెళ్ళేది.

మావయ్యకు ఏసీ పడేది కాదు. ముఖానికి గాలి తగలాలి. ఆయన పక్క తలుపుకున్న బటన్ ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలు, అద్దం దానంతటదే కిందిదాకా దిగిపోయేది. ఒక్కసారి పైకి లాగితే ఎక్కిపోయేది. చచ్చుబడిన ఆ ఎడమచెయ్యి ఎవరి సాయమూ లేకుండా చెయ్యగలిగిన పని అదొక్కటే. దారిలో నది కనబడగానే ఆయన వేలు బటన్ మీదికి వెళ్ళేది.

ఒక వానాకాలం బ్యాటరీ పోయింది. జుగ్సలాయి నుంచి మెకానిక్ వచ్చి కొత్తది వేసి వెళ్ళాడు. మర్నాడు ఆసుపత్రికి వెళ్తుంటే వెనక సీట్లో నేనూ ఉన్నాను. నది కనబడింది. మావయ్య బటన్ నొక్కారు. అద్దం వేలెడు దిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కారు. ఇంకో వేలెడు. కాసేపు అలా పొడిచి పొడిచి, కుడిచేత్తో ఎడమచేతిని తీసి ఒళ్ళో పెట్టుకుని ముఖం తిప్పేసుకున్నారు. ఆ రోజు ఆసుపత్రిలో ఎంత బతిమాలినా ఆ చెయ్యి కదపలేదు.

ఇంటికొచ్చి అత్త మెకానిక్‌కి ఫోన్ చేసింది. "బటన్ దబాకే రఖియే ఆంటీ, చల్ జాయేగా" అన్నాడతను. నొక్కి పట్టుకుంటే దిగుతుందన్న మాట నిజమే. అత్త ఫోన్ పెట్టేసి, "నొక్కి పట్టుకోడమే గదే ఆయన వల్ల కాంది" అంది.

కారుతో ఇచ్చిన పుస్తకం తీసి నేను చదివాను. బ్యాటరీ తీసేస్తే, పైన ఎక్కడ ఆగాలో కింద ఎక్కడ ఆగాలో అద్దం మర్చిపోతుందట. మళ్ళీ నేర్పాలి. అత్త మావయ్య సీట్లో కూర్చుంది. ఆయన వరండాలో కుర్చీలోంచి చూస్తున్నారు. కారు ఆన్ చేసి, అద్దం పూర్తిగా దింపి, పూర్తిగా ఎక్కించి వదిలింది. నొక్కి చూస్తే మళ్ళీ వేలెడే. ఇంకోసారి చేసింది. అంతే. చినుకులు మొదలయ్యాయి. నేను పేజీ మళ్ళీ మొదట్నుంచి చదివాను.

"మూసుకోగానే వదిలెయ్యకూడదత్తా. మూసుకున్నాక కూడా కాసేపు అలాగే పట్టుకోవాలంట."

ఈసారి అద్దం కిందికి దిగాక కాసేపు, పైకెక్కి ఆగాక కాసేపు, ఊపిరి బిగబట్టి బటన్ వదలకుండా కూర్చుంది. తర్వాత ఒక్కసారి నొక్కి చెయ్యి తీసేసింది. అద్దం ఆగకుండా కిందిదాకా జారిపోయింది.

"ఓలమ్మ! గుర్తొచ్చీసిందే దీనికి!"

వాన పెరిగింది. రేపు చూద్దామన్నా వినకుండా, గొడుగు నాకిచ్చి మావయ్యను నడిపించుకొచ్చి తన చేత్తో కూర్చోబెట్టింది. ఆయన బటన్ వంక అనుమానంగా చూశారు. వేలు చాచి నొక్కారు. అద్దం దిగిపోయింది. వానజల్లు ముఖాన కొట్టింది. ఆయన పైకి లాగారు, మళ్ళీ దింపారు, మళ్ళీ లాగారు. నోరు ఓ పక్కకు పోతున్నా నవ్వుతున్నారని తెలుస్తూనే ఉంది.

"సీటు తడిసిపోతోందత్తా."

"తడవనీయే. ఎండొత్తే ఆరిపోద్ది."

మర్నాడు ఆసుపత్రిలో ఆయన చెయ్యి కదిపారో లేదో నాకు గుర్తులేదు. ఆ తర్వాత వీధిలో ఎవరు బ్యాటరీ మార్చుకున్నా అత్తే వెళ్ళి అద్దాలు సరిచేసి వచ్చేది. "బంద్ హోనే కే బాద్ భీ పకడ్‌కే రఖో" అని మూసుకున్నాక కూడా పట్టుకోమని వాళ్ళకు నేర్పేది. మావయ్య పోయాక కూడా ఆవిడ బండి మానలేదు. పక్కింటివాళ్ళను స్టేషన్‌కీ, పురిటినొప్పులొచ్చిన వాళ్ళ కోడళ్ళను ఆసుపత్రికీ దింపుతూనే ఉంది.

నేను ఆవిడను ఆఖరుసారి చూసింది పోయిన చలికాలం. తెల్లారి మంచు ఇంకా విడలేదు. నేను ఆటో ఎక్కితే, శాలువా తలమీదుగా కప్పుకుని గేటు దాకా వచ్చింది. ఆటో కదిలింది. ఇంకేదో చెప్పడం మర్చిపోయినట్టు రెండడుగులు ముందుకేసింది. ఇంజను మోతలో నాకేమీ వినబడలేదు. మూలమలుపు దగ్గర వెనక్కి చూస్తే, మంచులో గేటు పట్టుకుని ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.