కూతురికి చెప్పని జబ్బు

అంజనమ్మ హోసూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పదకొండేళ్లు నర్సుగా చేసింది. గొంతులో గొట్టంతో, మంచానికి కట్టేసిన చేతులతో, ఇంటివాళ్లు అద్దం తలుపు అవతల ఉండగానే పోయినవాళ్లను ఎంతోమందిని చూసింది. చివరికి ఆ ఉద్యోగం వదిలేసి, నయంకాని జబ్బులవాళ్లను ఇళ్లకు వెళ్లి చూసుకునే చిన్న ట్రస్టులో చేరింది. స్కూటర్ మీద కెలమంగలం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది.

అలా అశ్వత్థప్ప ఇంటికి వెళ్లింది. రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్న రైతు. ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సరు కాలేయం దాకా పాకింది. బెంగళూరు డాక్టర్లు ఇక చేసేదేమీ లేదని పంపేశారు. ఇంట్లోవాళ్లు ఆయనకు మాత్రం నిమ్ము చేసిందనే చెప్పారు.

వాకిట్లోనే భార్య అక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “ఆయప్పకు ఏమీ చెప్పద్దమ్మా. తెలిస్తే ఆ దిగులుతోనే పోతాడు.”

కొడుకు తిలక్ మూకండపల్లి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చి ఉన్నాడు. “చెల్లెలు మంజుశ్రీ కృష్ణగిరిలో ఉండాది. దానికిప్పుడు ఏడో నెల. దానికీ చెప్పలేదక్కా” అన్నాడు.

“చెప్పేది మేలప్పా. నాయనతో ఉండేదానికి ఆ బిడ్డకూ నాలుగు దినాలు కావాల కదా.”

“కాన్పు కానీ అక్కా. తర్వాత చెప్తాం.”

అంజనమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మూడు వారాలకు ఒక మధ్యాహ్నం తిలక్ ఫోన్ చేశాడు. “నాయనకు ఊపిరి ఆడలేదక్కా! ఆంబులెన్స్ పిలిచినాను.”

ఆమె వెళ్లేసరికి గాలి తగలకూడదని కిటికీలు మూసిన గదిలో తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. మంచం అంచున అశ్వత్థప్ప నోరు తెరిచి, ఊపిరి ఊపిరికీ భుజాలు ఎగరేస్తున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. కళ్లలో భయం.

తల్లినీ కొడుకునీ ఉంచి అందరినీ బయటికి పంపింది. కిటికీలు తీసింది. ఆయన ముందు బల్ల వేసి, దిండ్లు పెట్టి, వాటి మీదికి మోచేతులు ఆన్చి వంగి కూర్చోబెట్టింది. టేబుల్ ఫ్యాను ముఖానికి తిప్పింది. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. “నన్ను చూడప్పా. నాతోపాటు మెల్లగా ఊదు.” డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినంత మార్ఫిన్ సీసాలోంచి తీసింది.

తిలక్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “అది చంపే మందంట కదా! ఫోన్‌లో చూసినాను.”

“ఈ కొంచెం చంపదప్పా. ఊపిరాడలేదనే తపన తగ్గిస్తాది. జబ్బును తగ్గించేవాళ్లు మాత్రం యాడా లేరు. ఆసుపత్రికి పోతే గొంతులో గొట్టం వేస్తారు. అప్పుడు మాట కూడా రాదు. ఏం కావాలో ఆయప్పనే అడుగుదాం.”

అక్కమ్మ వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. కొడుకు చెయ్యి వదిలాడు. అంజనమ్మ మందు ఆయన నోట్లో పోసింది.

అరగంటకు భుజాలు కిందికి దిగాయి. అశ్వత్థప్ప ఊపిరికొక మాటగా అన్నాడు. “యాడికీ... పోను. నాకు... తెలుసు. బెంగళూరు నుంచి... వచ్చేటప్పుడే.”

“తెలిసి ఏమిట్కి చెప్పలేదు?” అంది అక్కమ్మ.

“నువ్వు... ఏడుస్తావని.”

ఆమె ఆయన మోకాలి మీద తల పెట్టేసింది. ఆయన కొడుకును చూశాడు. “మంజును... పిలవండి.”

తిలక్ ఆంబులెన్స్‌ను వెనక్కి పంపి, చెల్లెలికి ఫోన్ చేశాడు. “నాయనకు కొంచెం బాగలేదు. వీలైతే రా.” రేపు స్కానింగు ఉంది, ఎల్లుండి వస్తానంది ఆ పిల్ల. పక్కనే నిలబడి విన్న అంజనమ్మ ఆ ఫోన్ అందుకోలేదు.

ఆమె వస్తానన్న రోజు తెల్లవారేసరికి అశ్వత్థప్పకు స్పృహ లేదు. గొంతులో గురగుర మొదలైంది. అంజనమ్మ వచ్చి ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టింది. “ఈ సద్దు వినేదానికి మనకే కష్టం. ఆయప్పకు తెలియదు” అంది. అక్కమ్మ తడిగుడ్డతో పెదాలు తుడుస్తూ కూర్చుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగి, పది గంటలకు ఆగిపోయింది.

మంజుశ్రీ ఒంటి గంటకు బస్సు దిగింది. వాకిట్లో జనాన్ని చూసి అర్థం చేసుకుంది. “కొంచెం బాగలేదన్నావు కదన్నా!” అని తిలక్ రొమ్ము మీద గుద్దింది. తర్వాత అంజనమ్మ వైపు తిరిగింది. “నీకు తెలుసా అక్కా?”

“తెలుసమ్మా.” చెప్పమని తాను ఒకసారి అన్న సంగతి ఆమె బయటపెట్టలేదు. ఒక్కసారే అన్నానన్నదే లోపల గుచ్చుతోంది. “ఆ దినం ఫోన్ తీసుకొని నేనే చెప్పుండాల్సింది. చెప్పలేదు.”

“కష్టపడినాడా?”

ఆయాసం, భయం, మందు, గురగుర అన్నీ దాచకుండా చెప్పింది. చివరి సంగతి వింటే ఆ పిల్లకు ఇంకా కష్టమని తెలుసు. అయినా చెప్పింది. “నిన్ను పిలవమన్నాడు.”

మంజుశ్రీ పొట్ట పట్టుకుని నేల మీద కూలబడింది.

తిలక్ తర్వాత అంజనమ్మతో మాట్లాడలేదు. మందు వల్లే పోయాడని ఊళ్లో అంటున్నాడని విన్నది. కాన్పయ్యాక మంజుశ్రీ ఒకసారి ఫోన్ చేసి ఆడపిల్ల పుట్టిందని చెప్పింది. ఇంకేమీ మాట్లాడలేదు, పెట్టేయనూ లేదు. అంజనమ్మ కూడా అలాగే ఫోన్ చెవికి ఆనించుకొని, రోడ్డు పక్కన స్కూటర్ ఆపి నిలబడింది.